సారా బండి నుంచి పిట్ గోడ దాకా

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని షార్లెట్‌లో ఇప్పుడు ఏ వీధి మలుపు తిరిగినా తెలుగు వినిపిస్తుంది. నేను 1991లో చదువుకోవడానికి వచ్చినప్పుడు అలా ఉండేది కాదు. యూనివర్సిటీకి కొద్ది మైళ్ళ దూరంలోనే, కాంకర్డ్ వైపు, పెద్ద మోటార్ స్పీడ్‌వే ఉంది. మే నెలాఖరున, మళ్ళీ అక్టోబరులో అక్కడ రేసులు. ఆ వారాల్లో ఆరుబయట నిలబడితే గాలివాటున ఇంజిన్ల హోరు చెవిన పడేది. మా గదిలో నలుగురం కుర్రాళ్ళం, నలుగురికీ క్రికెట్ తప్ప వేరే ఆట పట్టదు. గానుగెద్దులా ఒకే గుండ్రంలో తిరిగే కార్లను చూడటానికి లక్షమందికి పైగా జనం టికెట్లు కొనుక్కుని వస్తారా అని నవ్వుకునేవాళ్ళం.

ఆ నవ్వు మాన్పించింది మా ఇంటి ఓనరు. కన్నాపొలిస్ బట్టల మిల్లులో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరైన పెద్దాయన. పుట్టి పెరిగింది మాత్రం విల్క్స్ కౌంటీలో, ఇక్కడికి ఉత్తరంగా కొండల్లో. అద్దె ఇవ్వడానికి వెళ్తే చెక్కు జేబులో పెట్టుకుని కూర్చోమనేవారు. ఆ తర్వాత కథంతా జూనియర్‌దే. మన జూనియర్ అప్పటికి ఇంకా పలకాబలపం పట్టుకునే వయసులో ఉన్నాడు. ఈయన చెప్పే జూనియర్ పూర్తి పేరు రాబర్ట్ గ్లెన్ జాన్సన్ జూనియర్, స్టాక్ కార్ పందేల్లో డ్రైవరుగా పేరు తెచ్చుకుని తర్వాత జట్టు యజమాని అయినవాడు. కన్నాపొలిస్‌లో కాపురం ఉండి అప్పటి మేటి డ్రైవరు డేల్ ఎర్న్‌హార్ట్‌ను కాకుండా వేరొకరిని పొగడటానికి ధైర్యం కావాలి, ఎందుకంటే అది ఎర్న్‌హార్ట్ సొంత ఊరు. ఆయన ఆ ధైర్యం రోజూ చేసేవారు.

స్టాక్ కార్ అంటే మొదట్లో నిజంగానే దుకాణంలో కొన్న కారు. పోటీకి ప్రత్యేకంగా కట్టిన బండి కాదు, నలుగురూ రోడ్డు మీద నడిపే ఫోర్డు, షెవర్లే. దాన్నే విప్పి, బిగించి, ఇంజిన్‌కు బలం పట్టించి పందేనికి దింపేవారు. అయితే విల్క్స్ కౌంటీ వాళ్ళు ఈ విప్పడం, బిగించడం నేర్చుకున్నది పందేల కోసం కాదు, సారా రవాణా కోసం.

జూనియర్ 1931లో ఇంగిల్ హాలో అనే చిన్న పల్లెలో పుట్టాడు. తండ్రిది దొంగసారా వ్యాపారం, జీవితంలో చాలా ఏళ్ళు జైళ్ళలోనే గడిపాడు. కొడుకు పదిహేనేళ్ళు రాకముందే స్టీరింగ్ పట్టుకున్నాడు. రాత్రిపూట, లైట్లు ఆర్పేసి, కొండ రోడ్ల మీద సరుకు దింపి రావాలి. పైకి చూస్తే మామూలు 1940 మోడల్ ఫోర్డు. లోపల వెనక సీటు ఉండదు, నూరు గ్యాలన్లకు పైగా సారా ఉంటుంది. అంత బరువుకు వెనక భాగం కుంగితే పోలీసులు ఇట్టే గుర్తుపడతారు కాబట్టి స్ప్రింగులు గట్టివి వేసేవారు. రోడ్డు అడ్డగిస్తే ఒక్క ఊపున బండిని వెనక్కి తిప్పి వచ్చిన దారినే మాయమయ్యే విద్యలో జూనియర్‌ను మించినవాడు లేడంటారు. పోలీసు సైరను, ఎర్రలైటు తన బండికే తగిలించుకుని వెళ్తే అడ్డంగా నిలబడ్డ పోలీసులే దారి ఇచ్చారని మా ఓనరు చెప్పి, మోకాలు చరుచుకుని నవ్వేవారు. రోడ్డు మీద జూనియర్ ఒక్కసారి కూడా దొరకలేదు. 1956లో దొరికింది తండ్రి బట్టీ దగ్గర, కాళ్ళ మీద నిలబడి ఉండగా. ఒహాయో రాష్ట్రంలోని చిల్లికాథీ ఫెడరల్ జైల్లో 11 నెలలున్నాడు.

మొదటి పందెం కథ అంతకు ముందుది. 1949లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, కంచరగాడిదను కట్టి చెప్పులు లేకుండా పొలం దున్నుతున్నాడట. అన్న వచ్చి, నార్త్ విల్క్స్‌బరో స్పీడ్‌వేలో పందెం ఉంది, నా కారు నడుపుతావా అని అడిగాడు. జూనియర్ ఇంటికెళ్ళి బూట్లు వేసుకుని వచ్చి, రెండో స్థానంలో నిలిచాడు. మొదటి స్థానం గ్విన్ స్టేలీది. ఈ కథ విన్న ప్రతిసారీ నేను ఒకే ప్రశ్న అడిగేవాడిని, ఆ రోజు మిగిలిన చేను ఎవరు దున్నారని. ఆయనకు ఆ ప్రశ్న నచ్చేది కాదు.

డ్రైవరుగా జూనియర్ చేసిన పనుల్లో నాకు ఎంతో ఇష్టమైనది 1960 డేటోనా 500, అంటే ఫ్లోరిడాలో జరిగే 500 మైళ్ళ పందెం. అక్కడి ట్రాక్ చుట్టుకొలత రెండున్నర మైళ్ళు, మలుపుల్లో గోడలా లేచిన 31 డిగ్రీల వాలు. అప్పటికి దాని వయసు ఒక్క ఏడాది. రే ఫాక్స్ అనే గొప్ప మెకానిక్ తయారుచేసిన షెవర్లే జూనియర్ చేతికి ఇచ్చారు. అది పాత సంవత్సరపు మోడల్. ప్రాక్టీసులో పాంటియాక్ కార్ల ముందు ఆగలేదు, గంటకు ఇరవై మైళ్ళకు పైగా తేడా. అయితే ఒక పాంటియాక్ వెనకాల అంటుకున్నట్టు పోతున్నప్పుడు తన కారు కూడా దానితో సమానంగా పోతోందని జూనియర్ గమనించాడు. ముందు కారు గాలిని చీల్చుకుంటూ పోతే దాని వెనక ఒత్తిడి తగ్గిన చోటు ఏర్పడుతుంది. అందులో దూరినవాడికి గాలి అడ్డు ఉండదు, ఇంజిన్ మీద భారం తగ్గుతుంది. ఇప్పుడు దీన్ని డ్రాఫ్టింగ్ అంటారు, కంప్యూటర్లతో లెక్కలు కడతారు. జూనియర్ బడి చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. కానీ ఆ రోజంతా ఎవరో ఒక పాంటియాక్ తోక పట్టుకుని తిరిగాడు. చివర్లో ముందున్న బాబీ జాన్స్ కారు వెనక అద్దం ఊడి ఎగిరిపోయి, బండి గిర్రున తిరిగింది. నెమ్మదైన కారుతో జూనియర్ గెలిచాడు. ఏరోడైనమిక్స్ పాఠం మాకు తరగతిలో రెండు సెమిస్టర్ల పాటు చెప్పారు. నాకు అర్థమైంది మాత్రం ఈ కథతోనే.

ఇంత చేసినా డ్రైవరుగా జూనియర్ ఎప్పుడూ చాంపియన్ కాలేదు. 313 పందేల్లో 50 గెలిచాడు. చాంపియన్‌షిప్ లేకుండా అన్ని విజయాలున్న డ్రైవరు చాలా ఏళ్ళ వరకు మరొకరు లేరు. కారణం వెతకనక్కర్లేదు. చాంపియన్‌షిప్ పాయింట్ల మీద నడుస్తుంది. ఏడాది పొడవునా పందేలకు హాజరై, కారును ముక్కలు కానివ్వకుండా గీత దాటించేవాడికే అది దక్కుతుంది. జూనియర్‌కు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టడం ఒక్కటే తెలుసు. కారు తట్టుకుంటే గెలుపు, తట్టుకోకపోతే పొగ. 1965 సంగతే చూడండి. ఆ ఏడు జూనియర్ 13 పందేలు గెలిచాడు, నెడ్ జారెట్ కూడా 13 గెలిచాడు. జారెట్ 54 పందేల్లో దిగాడు, జూనియర్ 36 లోనే. కిరీటం జారెట్‌ది. మరుసటి ఏడాది ఇద్దరూ రేసు నడపడం మానేశారు, విచిత్రంగా ఇద్దరి ఖాతాలోనూ సరిగ్గా 50 విజయాలే. జూనియర్‌కు అప్పటికి 35 ఏళ్ళు.

అక్కడితో ఆగి ఉంటే మంచి కథే. నన్ను పట్టేసింది మాత్రం ఆ తర్వాతి భాగం. బండిని విరిగేదాకా తోలే మనిషి, బండ్లు విరగకుండా చూసే మనిషి అయ్యాడు.

సొంత జట్టు పెట్టుకున్న కొత్తలో మాత్రం పాత బుద్ధి పోలేదు. 1966 ఆగస్టులో అట్లాంటా పందేనికి ఒక పసుపు రంగు ఫోర్డు తెచ్చాడు. ముక్కు కిందికి వంచి, పైకప్పు తగ్గించి, తోక పైకి లేపి ఉంది. చూసినవాళ్ళు దానికి అరటిపండు అని పేరు పెట్టారు. అధికారులు ఏమనుకున్నారో గానీ పరీక్షలో పాస్ చేసి వదిలారు. ఫ్రెడ్ లోరెంజన్ దాన్ని నడుపుతూ ముందంజలో ఉండగా గోడకు కొట్టుకున్నాడు. ఆ కారును మళ్ళీ తీసుకురావద్దని జూనియర్‌కు గట్టిగా చెప్పారు. ఆ తర్వాత కార్ల ఒంపులు కొలవడానికి అచ్చులు వచ్చాయి. నిబంధనల పుస్తకంలో రాయని ప్రతిదీ తనకు అనుమతే అని ఆయన లెక్క. దీన్ని మోసం అనేవాళ్ళున్నారు. నేను అనను, కానీ 1991లో ఇంజిన్ కొలత మించిందని ఆయన్ను కొన్ని వారాలు పక్కన పెట్టినప్పుడు మా ఓనరు చూపిన కోపం కూడా నాకు న్యాయంగా అనిపించలేదు.

జట్టు కార్ఖానా ఇంగిల్ హాలోలో సొంత ఇంటి పక్కనే. ఒకవైపు ఇంజిన్లు, మరోవైపు ఆవులు, కోళ్ళ షెడ్లు. తెల్లవారకముందే లేచి పశువుల పని చూసుకుని షాపులోకి వచ్చేవాడట. డ్రైవర్లను ఎంచుకోవడంలో తనలాంటి వాళ్ళనే ఏరుకున్నాడు, భయం లేనివాళ్ళను. ముందు లీరాయ్ యార్‌బ్రో. 1969లో డేటోనా 500ను చివరి లాప్‌లో, అంటే ఆఖరి చుట్టులో, ముందున్న కారును దాటి గెలిచాడు, అదే ఏడు షార్లెట్‌లో వరల్డ్ 600, డార్లింగ్టన్‌లో సదరన్ 500 కూడా గెలిచాడు. ఆ మూడూ ఒకే ఏడాది ఎవరూ గెలవడం అదే మొదటిసారి.

ఆ రోజుల్లోనే జూనియర్ చేసిన ఒక పని మొత్తం ఆట రూపాన్నే మార్చింది. టీవీలో సిగరెట్ ప్రకటనలను అమెరికా 1971 ఆరంభం నుంచి నిషేధించింది. విన్‌స్టన్ సేలంలోని ఆర్.జె. రెనాల్డ్స్ కంపెనీ చేతిలో ఖర్చుపెట్టే దారి లేని డబ్బు మూలుగుతోంది. జూనియర్ తన కారుకు స్పాన్సర్‌షిప్ అడగడానికి వెళ్ళాడు. వాళ్ళ దగ్గరున్నది ఒక కారుకు సరిపడే డబ్బు కాదని గ్రహించి, ఈ పందేలన్నీ నడిపే నాస్కార్ సంస్థ పెద్ద బిల్ ఫ్రాన్స్‌ను కలవమన్నాడు. ఆ ఏడాది నుంచే చాంపియన్‌షిప్‌కు వాళ్ళ సిగరెట్ పేరు మీద విన్‌స్టన్ కప్ అనే పేరు వచ్చింది, 2003 దాకా నిలిచింది. తన జోలెలో పడాల్సింది ఊరందరికీ పంచిపెట్టాడని మా ఓనరు అనేవారు. పొగాకు డబ్బు మంచిదా చెడ్డదా అన్న చర్చకు ఆయన వచ్చేవారు కాదు. నోట్లో ఎప్పుడూ పొగాకే.

1973లో కేల్ యార్‌బరో వచ్చాడు. 1976, 77, 78 వరుసగా మూడేళ్ళు చాంపియన్. అంతకుముందు వరుసగా మూడుసార్లు ఎవరూ గెలవలేదు, 2008 దాకా ఇంకెవరూ ఆ వరసను అందుకోలేదు. అందులో 1977 నాకు మిగతా రెండింటికన్నా గొప్పది. ఆ ఏడు 30 పందేలు. కేల్ కారు ముప్పైలోనూ చివరిదాకా నడుస్తూనే ఉంది, ఒక్కదాంట్లో కూడా చెడిపోయి మధ్యలో ఆగలేదు. డ్రైవరుగా సగానికి పైగా పందేలు పూర్తిచేయలేని మనిషి తయారుచేయించిన కారు అది. ఎలా సాధ్యమైందని నేను అడిగితే, ఓనరు నావైపు తెలివి లేనివాడిని చూసినట్టు చూశారు. సారా బండి మధ్యలో ఆగితే జైలు. కారు ఆగకుండా చూడటం జూనియర్‌కు కొత్త విద్య కాదు, పందెంలో ఉన్నప్పుడు దాన్ని పట్టించుకునే ఓపిక లేదంతే. స్టీరింగ్ వేరొకరి చేతికి ఇచ్చాక ఓపిక వచ్చింది. ఇదీ ఆయన మాట. ఇన్నేళ్ళలో ఇంతకన్నా మంచి వివరణ నాకు దొరకలేదు.

1979 ఫిబ్రవరి 18న డేటోనాలో జూనియర్ కారే అమెరికాను టీవీ ముందు కూర్చోబెట్టింది. 500 మైళ్ళ పందెం మొదటినుంచి చివరిదాకా దేశమంతా ప్రత్యక్ష ప్రసారం కావడం అదే మొదలు. తూర్పు రాష్ట్రాల్లో మంచు తుఫాను, జనమంతా ఇళ్ళల్లోనే. చివరి లాప్‌లో కేల్, డానీ అలిసన్ ఒకరినొకరు గుద్దుకుని గోడకు కొట్టుకున్నారు. వెనకెక్కడో ఉన్న రిచర్డ్ పెటీ గెలిచాడు. తర్వాత బురదలో ముష్టియుద్ధం. ఓనరు ఆ ముష్టియుద్ధాన్ని నిలబడి అభినయించి చూపేవారు, చెప్పిన ప్రతిసారీ కేల్ ఒక దెబ్బ ఎక్కువ కొట్టేవాడు.

కేల్ తర్వాత జూనియర్ కారు నడిపిన డారెల్ వాల్‌ట్రిప్ గురించి ఓనరు తక్కువ చెప్పేవారు, మాటకారి అని గిట్టదు. కానీ లెక్కలు లెక్కలే. 1981లో 12 గెలుపులు, 1982లో మరో 12, రెండేళ్ళూ చాంపియన్. 1985లో బిల్ ఎలియట్ 11 పందేలు గెలిస్తే వాల్‌ట్రిప్ గెలిచింది మూడే, అయినా కిరీటం జూనియర్ జట్టుకే వచ్చింది. 1965లో తనకు జరిగిన దానికి ఇరవై ఏళ్ళ తర్వాత తిరిగి లెక్క సరిచేసుకున్నట్టు నాకనిపిస్తుంది.

ఇక 1992 నవంబరు 15. ఆ ఆదివారం మధ్యాహ్నం ఓనరు ఇంటి టీవీ ముందే ఉన్నాను. అట్లాంటాలో ఏడాది చివరి పందెం. రిచర్డ్ పెటీకి అది ఆఖరిది, జెఫ్ గోర్డన్ అనే కొత్త కుర్రవాడికి మొదటిది. జూనియర్ కారును నడుపుతున్నది ఒకప్పటి ప్రత్యర్థి బిల్ ఎలియట్. పాయింట్లలో డేవీ అలిసన్ ముందున్నాడు. అతని వెనక ఆలన్ కుల్విక్కీ, ఆ వెనక ఎలియట్. కుల్విక్కీ విస్కాన్సిన్ నుంచి వచ్చిన ఇంజినీరింగ్ పట్టభద్రుడు. డ్రైవరూ తనే, జట్టు యజమానీ తనే. జూనియర్ తన కారు నడపమని భారీ మొత్తం ఇవ్వజూపితే వద్దన్న మనిషి. ఇంజినీరు కాబట్టి నేను లోపల్లోపల అతని పక్షమే, కానీ అద్దె ఇంట్లో ఉన్నవాడిని, పైకి ఎలా అంటాను?

అలిసన్ మధ్యలో ప్రమాదంలో చిక్కుకున్నాడు. మిగిలింది ఇద్దరు. ఎక్కువ లాప్‌లు ముందున్నవాడికి ఐదు పాయింట్లు అదనం. ఓనరు ఆదివారం పేపరు అంచున పెన్సిలుతో గీతలు గీస్తున్నారు, ఒకవైపు కుల్విక్కీ, మరోవైపు ఎలియట్. కుల్విక్కీ మనుషులూ పిట్‌లో, అంటే ట్రాక్ పక్కన కార్లు ఆగి పెట్రోలు పోయించుకునే చోట, ఇదే లెక్క వేస్తున్నారు. ఎవరూ అందుకోలేనన్ని లాప్‌లు పూర్తయ్యేదాకా అతన్ని లోపలికి పిలవకుండా ఆపి, ఆ తర్వాతే పెట్రోలు పోశారు. పందెం ఎలియట్ గెలిచాడు, కుల్విక్కీ రెండో స్థానం. ముందున్న లాప్‌లు కుల్విక్కీవి 103, ఎలియట్‌వి 102. మొత్తం పాయింట్లు 4078, 4068. ఒకే ఒక్క లాప్ అటునుంచి ఇటు వచ్చి ఉంటే ఇద్దరివీ 4073. సమానమైతే ఎక్కువ పందేలు గెలిచినవాడిదే కిరీటం, ఎలియట్‌వి ఐదు, కుల్విక్కీవి రెండు. ఓనరు ఆ లెక్కను నాచేత కూడా వేయించారు. జవాబు మారలేదు. పందెం గెలిచిన జట్టు యజమాని జూనియర్, ఆ సాయంత్రం ఓడిపోయినవాడూ జూనియరే. తర్వాతి ఏప్రిల్ 1న కుల్విక్కీ విమాన ప్రమాదంలో చనిపోయాడని తెలిసినప్పుడు, మా గది తలుపు తట్టి ఆ మాట చెప్పింది కూడా ఆ పెద్దాయనే.

జూనియర్ 1995తో జట్టు వదిలేశాడు. అప్పటికి ఆట ఆయన చేయి దాటిపోయింది, ఇంటి పక్క షాపులో నెగ్గే రోజులు కావవి. మరుసటి ఏడు సెప్టెంబరులో నార్త్ విల్క్స్‌బరో ట్రాక్ కూడా మూతపడింది. ఆఖరి రేసుకు ఓనరును నేనే కారులో తీసుకెళ్ళాను. ముందు వైపు పల్లం, వెనక వైపు ఎగువ ఉన్న వింత ట్రాక్ అది. గెలిచింది గోర్డన్. ఓనరుకు గోర్డన్ కాలిఫోర్నియా కుర్రాడని చిన్నచూపు, చప్పట్లు కొట్టలేదు. ఆ ట్రాక్ మళ్ళీ తెరుచుకుని 2023లో ఆల్‌స్టార్ రేసు జరిగే నాటికి ఆయనా లేరు, జూనియరూ లేడు. జూనియర్ 2019 డిసెంబరు 20న, 88 ఏళ్ళ వయసులో పోయాడు.

జూనియర్ ఇంకా బతికి ఉండగానే, 2011లో, మా నాన్న నెల్లూరు నుంచి మా దగ్గరికి వచ్చారు. నాన్న ఎక్సైజ్ శాఖలో సబ్ ఇన్‌స్పెక్టరుగా చేరి సర్వీసంతా సారా బట్టీలు పగలగొట్టిన మనిషి. నేను అట్లాంటా రేసు చూస్తున్న ఆ శీతాకాలంలో నాన్న ఉత్తరాల నిండా దూబగుంట ఆడవాళ్ళ సారా ఉద్యమం సంగతులే. అలాంటి మనిషిని షార్లెట్ నడిబొడ్డున, అంతకు ముందటి ఏడాదే తెరిచిన నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు తీసుకెళ్ళాను. అందులోకి మొదటి విడతలో ఎన్నికైన ఐదుగురిలో జూనియర్ ఒకడు. డ్రైవరుగా 50, యజమానిగా 132 విజయాలు, ఆరు చాంపియన్‌షిప్‌లు అని అక్కడి లెక్క. పక్కనే నిజమైన సారా బట్టీ. జూనియర్ స్వయంగా కట్టి ఇచ్చింది.

నాన్న కార్ల వైపు ఒక్క చూపు కూడా చూడలేదు. బట్టీ చుట్టూ రెండుసార్లు తిరిగి, చేతులు వెనక్కి కట్టుకుని, దాడికి వెళ్ళినప్పటి గొంతుతో అడిగారు. "ఊట దేంతో పెట్టేవారురా?"

"మొక్కజొన్న, పంచదార."

"మనకు బెల్లం. రాగి గొట్టం బాగుంది. పనివాడు."

జూనియర్ కథంతా చెప్పాను, స్ప్రింగులు, సైరను, చీకటి రోడ్లు. నాన్న చాలాసేపు నవ్వారు. "మా జీపు నలుగురు తోస్తే గాని స్టార్టయ్యేది కాదు. ఇలాంటివాడు మా సర్కిల్లో ఉండి ఉంటే నేను సస్పెన్షన్‌లోనే రిటైరయ్యేవాడిని." తర్వాత 1986లో ప్రెసిడెంట్ రీగన్ ఆయనకు క్షమాభిక్ష పెట్టాడని చెప్పాను. నాన్న నవ్వు ఆగిపోయింది. "శిక్ష పడినవాడికి క్షమాభిక్ష, బట్టీకి మ్యూజియం. సరే. మరి 1956లో ఆయన్ను పట్టుకున్న అధికారికి కనీసం ప్రమోషనైనా వచ్చిందా?"

ఆ రాత్రి నెల్లూరులో ఉన్న పాత సహోద్యోగికి నాన్న ఫోన్ చేశారు. రాగి గొట్టం పొడవు, మొక్కజొన్న ఊట, వెనక సీటు లేని ఫోర్డు, ముప్పై పందేల్లో ఒక్కసారీ ఆగని కారు, అన్నీ పూసగుచ్చినట్టు వర్ణించారు. క్షమాభిక్ష సంగతి మాత్రం ఎత్తలేదు.